గోడ మీద లేని మొహం

“మీ బ్యాచ్ ఏదండీ?”

“పోయింది బాబూ.”

పూర్వ విద్యార్థుల సంఘం పత్రిక ఎడిటర్ కలం ఆగిపోయింది. ఎవరెంత పొడుగు జ్ఞాపకం రాసి పంపినా మూడో వాక్యానికే చుక్క పెట్టేస్తాడని అతన్ని అందరూ ఫుల్‌స్టాప్ అంటారు.

“అయ్యయ్యో! అందరూనా?”

“ఒక్కటేగా ఇచ్చారు. గేటు దాటేలోపే పిన్ను ఊడి ఎక్కడో పడిపోయింది.”

“బ్యాడ్జ్ కాదు పెద్దాయనా! బ్యాచ్, బ్యాచ్!”

“ఓ, అదా! అన్ని బ్యాచ్‌లూ మనవే బాబూ.”

“అన్నీనా? ఎన్నిసార్లు తప్పారండీ?”

ఏటా జరిగే కలయికకు హాల్లో చేరినవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. అందరికంటే ఎక్కువ ఆ పెద్దాయనే నవ్వాడు.

చిన్న కాలేజీ. ఆఫీసు రిజిస్టర్లను ఎప్పుడో చెదలు చదివేశాయి, అట్టలతో సహా. మిగిలినవి హాలు గోడ మీది గ్రూపు ఫొటోలే. అందుకని సంఘంలో ఒక ఆచారం పడింది. సభ్యుణ్ణి అన్నవాడు గోడ దగ్గరికెళ్ళి తన మొహం మీద తాను వేలు పెట్టాలి. పక్కవాడి సంగతుల్లో వేలు పెట్టడానికే అలవాటు పడ్డవాళ్ళకు అది కొంచెం కష్టమే.

“వేలు పెట్టండి మరి,” అన్నాడు ఫుల్‌స్టాప్.

పెద్దాయన మొదటి ఫొటో నుంచి మొదలుపెట్టాడు. ఒక్కోదాని ముందూ ఆగాడు. చేతిరుమాలుతో అద్దం తుడిచాడు. వేలు మాత్రం ఏ మొహం దగ్గరా ఆగలేదు.

“నేను దేంట్లోనూ లేను బాబూ. అందుకే వచ్చాను. ఇవాళ తీసే ఫొటోలో ఓ మూల నిలబడనిస్తారా? వచ్చే ఏడు రాగలనో లేదో.”

ఫుల్‌స్టాప్ మనసు మెత్తబడింది. సంఘం అధ్యక్షురాలు డాక్టరమ్మ వైపు చూశాడు.

“ఇవాళ ఈయన్ని నిలబెడితే, రేపు నువ్వు మీ బావమరిదిని తెస్తావు,” అందావిడ. “రూలంటే రూలే.”

“ఫొటో పత్రిక మొదటి పేజీలో పడుతుందండీ,” ఫుల్‌స్టాప్ నసిగాడు. “కింద మీ పేరు ఏ బ్యాచ్‌లో రాయను?”

“నిజమే బాబూ, నిజమే.”

అందరూ హాలు మెట్ల మీద వరుసల్లో సర్దుకున్నారు. తీసేవాడే లేడని అప్పుడు తెలిసింది.

“పోనీ, మీరే ఒకటి నొక్కి పెడతారా?” అంటూ ఫుల్‌స్టాప్ తన ఫోను పెద్దాయన చేతిలో పెట్టాడు.

పెద్దాయన మూడడుగులు వెనక్కి వేశాడు. ఓ అడుగు పక్కకు జరిగాడు.

“వెనకున్న పొడుగాయనా, ఓ మెట్టు దిగండి. డాక్టరమ్మా, గడ్డం కాస్త దించు తల్లీ. ఫుల్‌స్టాప్ గారూ, కామాలా వంగిపోకండి!”

ఎవరి మాటా వినని డాక్టరమ్మ గడ్డం దించింది. అందరూ ఒక్కసారే నవ్వారు. ఆ నవ్వు మీద టక్కున నొక్కాడు.

“చల్లగా ఉండండి,” అని ఫోను తిరిగిచ్చి వెళ్ళిపోయాడు.

కాసేపటికి, రిటైరైన ల్యాబ్ అటెండరు ఆలస్యంగా వచ్చి ఫొటో చూశాడు.

“ఒక్కళ్ళూ కళ్ళు మూయలేదే! ఎవరు బాబూ తీసింది?”

“ఎవరో పెద్దాయన. అన్ని బ్యాచ్‌లూ మావేనంటాడు, ఏ ఫొటోలోనూ లేడు.”

అటెండరు చటుక్కున గేటు వైపు తిరిగాడు. “ఎటెళ్ళారు?” అన్నాడు.

ఫుల్‌స్టాప్ గేటు దాకా పరుగెత్తాడు. మలుపులో బస్సు వీపు కనిపించి మాయమైంది. రొప్పుతూ తిరిగొచ్చేసరికి అటెండరు అందర్నీ గోడ దగ్గర నిలబెట్టాడు.

“ఊళ్ళో ఫొటో స్టూడియో ఆయనదే. కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చేస్తే మీకు మొహం ఎలా తెలుస్తుందిలే,” అన్నాడు మెల్లగా. “ఈ ముప్పై ఫొటోల్లోనూ మీరంతా కళ్ళార్పకుండా చూస్తున్నది ఆయన్నే.”