సగంలో ఆగే ఫంక్షన్

“సగంలో ఆగిపోయే ఫంక్షనా? పని ఒప్పుకున్నాక పూర్తిచేసి రావాలి గానీ మధ్యలో కాళ్ళు బారజాపుకుని కూర్చోవడమేమిటమ్మా?” అన్నారు మామగారు, మూడోసారి.

వారం రోజులుగా ఆ ఇంట్లో కంచాల ముందు ఇదే రగడ. ఆయన రిటైరైన లెక్చరర్. పదకొండేళ్ళు కూర్చుని సొంతంగా ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. అందులో జనరేటర్ ఫంక్షన్లు చేర్చమని కోడలు అర్జీ పెట్టింది. నోటిమాట పనికిరాదు, మార్పు కావాలంటే ఎవరైనా సరే కాగితం రాసివ్వాల్సిందేనని ఆయన నియమం. తీర్పు చెప్పే సంఘంలో సభ్యులు ఇద్దరు. ఒకరు ఆయన, రెండోవాడు ఆయన కొడుకు.

“కూర్చోదు మామయ్యగారూ, ఆగుతుంది. ఒక్క విలువ చేతికిచ్చి ఆగుతుంది. ఇంకోటి అడిగితే ఆగినచోటి నుంచే లేచి ఇంకోటి ఇస్తుంది.”

“అడిగితే గానీ కదలదన్నమాట. బద్ధకానికి ఇంత ముద్దుపేరా?”

“మా నీటి సరఫరా ఆఫీసులో ఏడేళ్ళ మీటరు రీడింగులున్నాయి. ఇప్పుడున్న ఫంక్షన్ అన్నిటినీ ఒకేసారి తెచ్చి మెమరీలో కుమ్మరిస్తోంది. కంప్యూటర్ బిగుసుకుపోతోంది. సోమవారానికి ప్రోగ్రాం నడవకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. మీరు నేర్పారనేగా ఇందులో మొదలుపెట్టాను!”

అత్తగారు గరిటె పట్టుకుని ఆగింది. “ఒక్క రుమాలు కోసం బీరువాలో బట్టలన్నీ మంచం మీద పోసినట్టా?”

“సరిగ్గా అంతే అత్తయ్యా.”

“నువ్వూరుకో. బీరువాకీ భాషకీ పోలికేమిటి?” ఆయన కసిరారు.

“లేదులెండి. బీరువాతో పనుంటుంది.”

ఆయన వినిపించుకోలేదు. ఈ కాలం పిల్లల తీరే అంత అనుకున్నారు. పక్కింట్లో కొన్నారంటే మనింట్లోనూ ఉండాలి. నాలుగు భాషల్లో జనరేటర్లున్నాయట, కాబట్టి ఐదోదానికీ తగిలించాలట!

“నీ ఒక్కదాని కోసం మార్చేస్తే మిగతా నలభై వేలమంది ఏమైపోవాలి?” అన్నారు.

ఆ అంకె ఆయనకు ప్రాణం. భాషను సైటు నుంచి దించుకున్నవాళ్ళ సంఖ్య అది. పొద్దున్నే పళ్ళయినా తోముకోకుండా చూసుకుంటారు. పెరిగిన రోజున ఆయన పాట బాత్రూంలోంచి హాల్లోకి వినిపిస్తుంది.

“అవును మరి. వాళ్ళకి అలవాటైన పద్ధతి చెడగొడితే ఎలా?” కొడుకు తండ్రికి వంతపాడాడు. “పైగా భాష అందం పోతుంది.”

కోడలు మొగుడి వైపు తిరిగింది. “మీరు ఆఫీసులో రోజూ జనరేటర్లు రాయరా?”

“అది వేరు. అది పొట్టకూటి భాష. ఇది సిద్ధాంతం.”

“సిద్ధాంతానికి ఆకలెయ్యదు, అదృష్టం,” అంది అత్తగారు, పెరుగు గిన్నె వాళ్ళ ముందుకి తోస్తూ.

మామగారు గొంతు సవరించుకున్నారు. “ఇక చర్చ చాలు. ఓటింగు. వ్యతిరేకించేవాళ్ళు చెయ్యెత్తండి.”

తానే ముందుగా ఎత్తారు. కొడుకు ఎంగిలి చెయ్యి ఎత్తాడు. మోచేతి మీదుగా మజ్జిగ కారింది.

“ఏమేవ్, రిజిస్టరులో రాయి. ‘వాడకందారుల శ్రేయస్సు దృష్ట్యా అర్జీ తిరస్కరించడమైనది.’”

“చేతులు కడుక్కుని రాస్తాను. శ్రేయస్సుకి తొందరేం లేదుగా?”

కోడలు లేచి కంచం తీసింది. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

“అందరూ ఉండగానే చెబుతున్నాను, తర్వాత చెప్పలేదనుకోవద్దు. ఈ సాయంత్రం నుంచి నేను వేరే భాషలో రాసుకుంటాను.”

గొంతు పెంచలేదు. కొడుకు తండ్రి మొహంలోకి చూశాడు. అత్తగారు నవ్వాపుకోవడానికి పైటచెంగు అడ్డం పెట్టుకుంది.

మామగారు మాత్రం చలించలేదు. వేళ్ళు కంచం అంచుకి తీరిగ్గా రాసుకున్నారు.

“శుభం! అలకలకి లొంగితే భాష నిలబడదు. ఒక్క మనిషి పోతే మనకొచ్చే లోటేముంది?”

ఆ భాష వాడుతున్నది ఆమె ఒక్కతే.