తలుపు మీద గుబులు

తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, మెల్లగా రాస్తాను.

కంప్యూటర్ కోర్సుల కోసం పిల్లలు అమీర్‌పేటకు గుంపులుగా వస్తున్న రోజులవి. నేను ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తూ అక్కడే పడుకునేదాన్ని. భయమేసినా వెళ్లడానికి వేరే ఇల్లు లేదు.

దసరాకు అందరూ ఊళ్లకు బయలుదేరారు. నాకు చదువు చెప్పే వెన్నెలతో, "ఒక్కదాన్నే ఉండాలంటే గుబులైతుంది బిడ్డా" అన్నాను.

"గా మాట ఎట్ల పుట్టిందో ఎరుకేనా అవ్వా? గుండె గుబగుబ కొట్టుకుంటది గదా, అండ్లకెల్లి వచ్చిందేమో. ఇగో, రాయి" అని రాయించి వెళ్లింది.

పొద్దుగూకగానే కరెంటు పోయింది. గుబగుబమని చప్పుడు మొదలైంది. గుండె మీద చేయి పెట్టుకున్నాను. గుండె నెమ్మదిగానే ఉంది. చప్పుడు పక్కనున్న ఖాళీ గదిలోంచి వస్తోంది. ఆ గదికి నేనే తాళం వేశాను.

మా నేతగాళ్ల వాడలో, రాత్రి తలుపు కొట్టే దయ్యం చదువుకుని వెనక్కి పోవాలని తలుపు మీద "రేపు రా" అని రాసేవారు. మా ఇంటికి పక్కింటివాళ్లు రాసిపెట్టేవారు. ఈసారి సుద్దముక్క నేనే తీసుకున్నాను. కొవ్వొత్తి వెలుగులో ఆ తలుపు మీద రాశాను: "గుబులూ, రేపు రా."

చప్పుడు ఆగిపోయింది. నా రాత చదవగలిగిందన్నమాట. అంత గర్వం నాకు ఎన్నడూ కలగలేదు.

కాసేపటికి తలుపు లోపలి వైపు సుద్దముక్క గీస్తున్న చప్పుడు వినిపించింది.

బొడ్లోంచి తాళంచెవి తీశాను.

"జర పెద్దగ రాయి," అన్నాను, "చదువుకుంట."

దేవవ్వ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది ఆ గదిలోనే.