పాలిష్ పట్టకముందు

"చెయ్యి తియ్యవయ్యా!"

షోరూమంతా వినబడేలా అరిచాడు మందుల షాపు యజమాని.

కొత్త ఎర్ర కారు వెనక తలుపుని అరచేత్తో తడుముతున్న మనిషి ఉలిక్కిపడ్డాడు.

"ఈ కారు మీదేనాండీ?"

"నాదే. ఏం?"

"పాలిష్ పట్టకముందే ఓసారి ఎండలోకి తీయించి చూసుకోండి. ఈ తలుపుకి మళ్ళీ రంగేశారు."

"నీకెవరు చెప్పారు?"

ఆ మనిషి మాట తప్పించాడు.

"ఎవరు చెబితేనేం? డెలివరీ తీసుకున్నాక వీళ్ళు మిమ్మల్ని పలకరించను కూడా పలకరించరు."

మేనేజరు పరుగున వచ్చి మందుల షాపు యజమానిని పక్కకి లాగాడు.

"ఈయన ఇంతకుముందూ వచ్చాడు సార్. చూశాడు, పోయాడు. కొనలేనివాళ్ళకి కొనేవాళ్ళని చూస్తే అదో బాధ."

ఆ బాధ యజమానికి బాగా తెలుసు.

తోడల్లుడు ఇదే షోరూములో, ఇలాంటి ఎర్ర కారే కొన్నప్పటి నుంచి ఆయనకి అన్నం సయించడం లేదు. మామగారింటికి వెళితే తన పాత బండిని వీధి చివర పెట్టి నడిచి వచ్చేవాడు.

తోడల్లుడు ఆ కారు కోసం నెలల తరబడి ఆగాడు. తనకి వారంలో దొరికింది. అక్కడికి సగం కడుపు చల్లబడింది.

ఈవేళ మామగారి పుట్టినరోజు. ఆ కారు పక్కన ఈ కారు ఆపితే మిగతా సగం కూడా చల్లబడుతుంది.

"ఏమండీ, ఓసారి ఎండలో చూద్దాం. పోయేదేముంది?" అంది భార్య.

"ఎండలో పెట్టడానికి కారేమన్నా మిరపకాయా?"

మేనేజరు నవ్వాడు.

"డిటైలింగ్ మా తరఫున ఉచితం మేడమ్. కడిగి, పాలిష్ పట్టి, అద్దంలా చేసిస్తాం. అందులో చూసి తల దువ్వుకోవచ్చు."

"ఆ ఉచితమే వద్దనండి," అన్నాడు ఆ మనిషి. "పాలిష్ పడితే ఇంకేమీ కనబడదు. వేరే కారు అడగండి. కాస్త ఆలస్యమైతే ఏం?"

ఆలస్యం అన్న మాటకి యజమాని ముఖం కందిపోయింది.

"ఈవేళ నేను కారెక్కకూడదు. అదేగా నీ ఏడుపు? కళ్ళల్లో నిప్పులు పోసుకోవడానికి మా కారే దొరికిందా?"

మేనేజరు వైపు తిరిగాడు.

"ఈ కుళ్ళుబోతుని బయటికి పంపితేనే సంతకం పెడతాను."

కాపలావాడు ఆ మనిషి భుజం పట్టుకున్నాడు.

"అమ్మా, మీరైనా చెప్పండి," అన్నాడతను గుమ్మం దగ్గర ఆగి.

ఆమె భర్త ముఖం చూసి తల దించుకుంది.

కారు పాలిష్ గదిలోకి వెళ్ళి ధగధగలాడుతూ వచ్చింది. ఏ లోపమూ లేకుండా అందిందని యజమాని సంతకం పెట్టాడు.

సాయంత్రం మామగారింటి ముందు రెండు ఎర్ర కార్లు నిలబడ్డాయి.

తోడల్లుడు బయటికి వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు. వెనక తలుపు దగ్గర ఆగాడు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"బాగుందన్నయ్యా," అన్నాడు మెల్లిగా.

"చూశావా, మాడిపోయాడు!" భార్య చెవిలో అన్నాడు యజమాని.

ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

వానలొచ్చాయి. నాలుగుసార్లు కడిగేసరికి మెరుపు పోయింది. కారంతా ఒక ఎరుపు, వెనక తలుపు ఇంకో ఎరుపు. దాని మూల రంగు పొక్కి లేచింది. కింద సొట్టని పూడ్చిన పుట్టీ బయటపడింది.

షోరూముకి పరిగెత్తాడు.

"ఏ లోపమూ లేదని మీరే సంతకం పెట్టారు సార్. ఎక్కడో గుద్దుకుని ఉంటారు," అన్నాడు మేనేజరు.

"ఆ రోజు ఒకాయన నీ ముందే చెప్పాడుగా!"

"ఎవరు సార్?"

ఆ మనిషి దొరికితే సాక్ష్యం చెప్పించవచ్చు. పేరు తెలియదు. ఊరు తెలియదు. అడగలేదు గనక.

ఇంటికొచ్చేసరికి భార్య చెల్లెలితో ఫోనులో ఉంది. పెట్టేసి ఆయన వైపు తిరిగింది.

"ఆయనెవరో తెలిసింది."

"ఎవరు? ఎక్కడుంటాడు?"

"ఈ కారే ముందు మా చెల్లెలి మొగుడికి చూపించారట. తలుపు చూసి వద్దన్నాడట. మనకి వారంలో ఇస్తున్నారని వినగానే, అదే అంటగడుతున్నారేమోనని భయపడ్డాడట."

"అయితే వాడే వచ్చి చెప్పొచ్చుగా!"

"'నేను చెబితే అన్నయ్య కుళ్ళనుకుంటాడు, నా పేరెత్తకుండా నువ్వెళ్ళి ఆపు' అని, అప్పుడు తన వెంట వచ్చిన స్నేహితుణ్ణే బతిమాలి పంపాడట."