మిగిలిన ఒక్క భ్రమ

గురువారాలు ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం: నరాల డాక్టరు, కీళ్లవాతం డాక్టరు, పిచ్చి డాక్టర్నైన నేను. మా వార్డులో ఉన్న ఒకావిడ ఫైలంటే మాకు మహా మురిపెం. రెండేళ్లు నా మాత్రలు మింగినా తగ్గలేదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే ఆవిడ మెదడు మీద పడ్డాయని ముగ్గురం కలిసి తేల్చి, వాపు తగ్గే మందు ఎక్కించాం. నెల తిరక్కుండా మనిషి మనిషైంది.

గోడలు మాట్లాడటం మానేశాయి. అన్నంలోని విషం పోయింది. భ్రమ ఒక్కటే మిగిలింది.

"మా ఆయన ఇంకో ఆవిణ్ణి ఇంట్లో పెట్టుకున్నాడు డాక్టరుగారూ," అంది, నిదానంగా జడ అల్లుకుంటూ.

"రక్తపరీక్ష బాగానే ఉందే!" అన్నాడు కీళ్ల డాక్టరు.

"వాపు ఏ మూలో నక్కి ఉంటుంది," అన్నాడు నరాల డాక్టరు. నేను తలూపాను.

డోసు పెంచే కాగితం మీద భర్త చదవకుండానే సంతకం పెట్టాడు. "తొందరేం లేదు సార్. పూర్తిగా నయమయ్యాకే పంపండి."

మూడో డోసుకి ఆవిడ ముఖం ఉబ్బింది, జడ సన్నబడింది. వాళ్లాయన సంగతి మళ్లీ అడిగాను. నా చేతిలోని ఫైలు వంక కాసేపు చూసింది.

"అదంతా నా భ్రమే డాక్టరుగారూ."

ముగ్గురం చేతులు కలుపుకున్నాం. తీసుకెళ్లమని చెప్పడానికి వాళ్లింటికి నేనే ఫోన్ చేశాను.

"ఆయన స్నానం చేస్తున్నారండీ," అందో ఆడగొంతు. "నేను వాళ్లావిణ్ణి. ఏం చెప్పమంటారు?"