దిష్టిబొమ్మ మూలం

"ఇదీ కుదరదు," అన్నాడు ప్రొఫెసర్ గిరిధర్, కాగితాలు వెనక్కి తోస్తూ.

"ఎందుకు సార్?" అడిగింది ఫర్హానా.

"మూలం లేదు. బొమ్మ ఉంది, రంగు ఉంది, నీ ఉత్సాహం ఉంది. మూలం ఏది?"

చిత్రకళలో ఎం.ఎఫ్.ఏ. రెండో ఏడు మొదలై నాలుగు నెలలైంది. ఫర్హానా మొదట ఇచ్చిన థీసిస్ టాపిక్ లారీల వెనక బొమ్మలు. అది మరీ రోడ్డు మీద ఉందన్నాడు. రెండోది శూన్యంలో గీత. అది మరీ గాల్లో ఉందన్నాడు. నేలకూ గాలికీ మధ్య వేలాడేదేమిటా అని వెతుక్కుంటే ఊరి చివర హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో దొరికింది. 2004లో అక్కడ పూర్తయిన ఇళ్ళ కంటే కడుతున్నవే ఎక్కువ. కడుతున్న ప్రతి ఇంటికీ ఒక రేకు దిష్టిబొమ్మ. గుడ్లురిమే కళ్ళు, పైకి మెలితిరిగిన మీసాలు, నుదుటి మధ్యకు ఎగబాకిన ఎడమ కనుబొమ్మ. నలభై మూడు ఇళ్ళు తిరిగి ఫోటోలు తీస్తే నలభై మూడింటా ఒకటే ముఖం.

శుక్రవారం కమిటీ. అప్పటికీ టాపిక్ ఖాయం కాకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇక కదిరి వెళ్ళి, మేనమామ ఫ్లెక్సు షాపులో పుట్టినరోజు బ్యానర్ల మీద కార్పొరేటర్లకు దండలు అతికించుకుంటూ బతకాలి.

గిరిధర్ ఒక ఫోటో తీసి వెలుగుకు పట్టుకున్నాడు. బోసిగా ఉన్న పై పెదవి మీద వేలితో అటూ ఇటూ రాసుకున్నాడు. అది ఆయన ఆలోచించేటప్పటి అలవాటు.

"ముఖం మాత్రం అద్భుతం. ఏం రౌద్రం! ఏం క్రౌర్యం! ఈ కాలపు మనిషికి ఇలాంటి ముఖం ఉండదు ఫర్హానా. నన్నడిగితే ఇది దేవనహళ్ళి కోట నాటి పాళెగాడు. గీసినవాణ్ణి పట్టుకో. ముఖం ఎవరిదో తేలితేనే నా సంతకం."

గీసినవాడు బొమ్మనహళ్ళిలో, ఒక గార్మెంట్ ఫ్యాక్టరీ వెనక సందులో దొరికాడు. పేరు సొన్నప్ప. వయసు అరవై దాటింది. గుమ్మంలో కూర్చుని రేకు మీద నాలుకకు ఎరుపు పూస్తున్నాడు.

"తాతా, ఈ బొమ్మలు గీయడం మీ నాన్నగారు నేర్పారా?" ఫర్హానా టేప్ రికార్డరు నొక్కింది.

"మా నాయన గొర్లు మేపె పాపా. నాకెవురూ నేర్పలా. ఎనకట మీ కాలేజీలో ఏడేండ్లు మోడలు పని చేస్తిని, అంతే. నేను స్టూలు మీద కూకుంటే పిల్లోళ్ళు నన్ను చూసి గీస్తా ఉండ్రి."

"ఓహో. అయితే వాళ్ళని చూసి నేర్చుకున్నారా?"

"యాడ చూసేది! తల తిప్పగూడదు, కండ్లు తిప్పగూడదు. ఎదురుగా ఏముంటే దాన్నే చూస్తా ఉండాల. ఈగ వాలినా తోలగూడదు."

పాళెగాళ్ళ ఊసే లేదు. ఫర్హానాకు టేపు దండగనిపించింది. "అది సరే తాతా. ఈ ముఖం ఎవరిది?"

సొన్నప్ప కుంచె ఆపాడు. "దిష్టిబొమ్మంటే చూసినోడు జడుసుకోవాల. నా బతుకులో నేను జడుసుకునింది ఒకటే ముఖం చూసి."

"ఎవరు?"

లోపలి నుంచి ఆయన భార్య భాగీరథమ్మ అరిచింది. "మా నాయనే అయ్యుంటాడు, అడుగు పాపా! మా నాయనకూ అట్లాంటి మీసాలే ఉండె!"

సొన్నప్ప అవునని అనలేదు, కాదనీ అనలేదు. మళ్ళీ నాలుకకు రంగు పట్టించాడు. ఫర్హానా పుస్తకంలో 'మామగారు' అని రాసి కింద రెండు గీతలు గీసింది.

మర్నాడు గిరిధర్ ఆ మాట చూసి మండిపడ్డాడు.

"మామగారేమిటి! కమిటీ నవ్వుతుంది. పల్లెటూరి మనిషి, చెప్పడం రాక అలా అనుంటాడు. శుక్రవారం అతన్నే తీసుకురా. మూలం నేను రాబడతాను."

సొన్నప్పను కాలేజీకి రమ్మంటే కుంచె కింద పెట్టేశాడు.

"ఆ కాలేజీకా? నేను రాలేను పాపా."

"నువ్వు రాకపోతే నా చదువు అయిపోయినట్టే తాతా." చెప్తూ చెప్తూ ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఆయన కుంచె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "వస్తాలే, ఏడవద్దు. అయితే ఒక మాట. స్టూలు మీద మాత్రం కూకోను."

శుక్రవారం కమిటీ గదిలో నలుగురు పెద్దలు, నాలుగు కాఫీలు. గిరిధర్ లేచి పావుగంట మాట్లాడాడు. కోట గోడలు కట్టాడు, పాళెగాణ్ణి గుర్రమెక్కించాడు, గ్రామీణ చిత్రకారుడి రక్తంలో మూడు వందల ఏళ్ళ జ్ఞాపకాన్ని పారించాడు. పెద్దలు తలలూపారు. ఫర్హానా గోళ్ళు కొరుక్కుంటూ తలుపు వైపు చూసింది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త రేకుబొమ్మను న్యూస్‌పేపర్లో చుట్టి పట్టుకుని సొన్నప్ప లోపలికొచ్చాడు. గది మధ్యలో స్టూలు వేసి ఉంది. ఆయన దానికి దూరంగా నిలబడ్డాడు.

"రా పెద్దాయనా, భయపడకు," అన్నాడు గిరిధర్ ఎంతో మెత్తగా. "ఆ ముఖం ఎవరిదో వీళ్ళకి చెప్పు."

సొన్నప్ప ఆయన వైపు చూశాడు. చూపు అక్కడే ఆగిపోయింది.

"నిన్నే. చెప్పు."

ఒక పెద్దాయన గడియారం చూసుకున్నాడు.

"ఏమయ్యా, అడుగుతుంటే వినపడదా?" గిరిధర్ గొంతు లేచింది. దాంతోపాటు ఎడమ కనుబొమ్మా లేచింది. "ఏమిటలా కదలకుండా నిలబడ్డావు!"

సొన్నప్ప చేతిలోని రేకుబొమ్మ ఫర్హానాకిచ్చి, రెండు చేతులూ జోడించాడు.

"మీసాలు ఎప్పుడు తీసేస్తిరి సారూ?"