మెర్విన్ మీద మా ఊరి అభిమానం

ఓట్ల రోజున మా ఊరి బడి ఆవరణలో సాసేజ్‌లు కాలుస్తారు. వేయించిన ఉల్లిపాయ సాసేజ్ కింద ఉండాలా, మీద ఉండాలా అన్నది మా దగ్గర పార్టీల తగాదాకన్నా పెద్ద తగాదా. అది ఇంకోసారి చెబుతాను.

ఏళ్ళ తరబడి మెల్‌బోర్న్ శాసనసభలో ఆవులించడానికి తప్ప నోరు తెరవని మా సభ్యుడు మెర్విన్, ఆ ఉదయం దిగాలుగా పొయ్యి దగ్గరికొచ్చాడు. ఈసారి ఓటమి ఖాయమని పత్రికలన్నీ రాశాయి మరి.

"పోతే పోయిందిలే, గ్వెన్," అన్నాడు, సాసేజ్‌లు తిప్పుతున్న ముసలావిడతో. "ఇంటికొచ్చేస్తా. మళ్ళీ మన క్లబ్బుకు అధ్యక్షుణ్ణవుతా. శుక్రవారం శుక్రవారం మాంసం బహుమతిగా ఇచ్చే లాటరీ తీసేముందు, పాత రోజుల్లోలా నాలుగు మాటలు చెబుతా."

గ్వెన్ చేతిలో పట్టకారు ఆగిపోయింది. ఆ నాలుగు మాటలు పూర్తయ్యేసరికి బీరు వేడెక్కి, లాటరీ మాంసం వాసనేసిన రోజులు ఆవిడ మరిచిపోలేదు.

"అవేం మాటలు, మెర్వ్! కాస్త ఇవి మాడకుండా చూడు," అంటూ పట్టకారు అతని చేతిలో పెట్టి, ఓటర్ల వరస పొడుగునా చెవులు కొరుకుతూ వెళ్ళింది.

రాత్రికల్లా మెర్విన్ మునుపెన్నడూ రానంత మెజారిటీతో గెలిచాడు.

"జనానికి నేనింత కావలసినవాణ్ణని ఇన్నేళ్ళూ నాకే తెలీదు, గ్వెన్," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఇంతకీ పొద్దున వాళ్ళకేం చెప్పావు?"

"నువ్వన్నదే చెప్పాను నాయనా. ఓడితే ఇంటికొచ్చేస్తాడట అన్నాను. పాపం, నీమీద పోటీ చేసినవాడూ మన క్లబ్బువాడేగా? అతనూ నీకే వేశాడు."