ఎర్ర గీత పెట్టిన ఆరు

తిరుపతయ్య అమెరికాలో కూతురు ఉండే కాపెల్ ఊళ్ళోని క్లినిక్‌కి వచ్చేసరికి చేతిలో ఉన్నవి పదకొండు రకాల మందులు. లేనిది కారు తాళం.

తాళం కూతురు సంహిత దగ్గర ఉంది. కళ్ళు తిరిగి కారుతో ఎదురింటివాళ్ళ మెయిల్‌బాక్స్‌ను కూలగొట్టిన మనిషికి కారు ఇవ్వనంది. "పది రోజులు కళ్ళు తిరక్కుండా ఉంటే అప్పుడు చూద్దాం నాన్నా" అంది. ముప్పై ఏళ్ళు కిరాణా షాపు నడిపిన మనిషి ఇప్పుడు కరివేపాకు రెబ్బ కావాలన్నా కూతురి మీటింగులు అయ్యేదాకా ఆగాలి.

కాబట్టి బేరం తేలికే. పన్నెండో మందు ఒకటి రాయించుకోవాలి, తాళం విడిపించుకోవాలి.

గదిలోకి నర్స్ ప్రాక్టీషనర్ మృదుల వచ్చింది.

"డాక్టర్ గారు లేరా అమ్మా?"

"మందులు నేనే రాస్తాను అంకుల్. చెప్పండి."

"కళ్ళు తిరుగుతున్నాయి. దానికో మంచి మాత్ర రాయి, చాలు."

"ముందు మీరు వేసుకునేవన్నీ చూపించండి."

తిరుపతయ్య సంచి బోర్లించి, కొత్త సరుకు సర్దినట్టు అన్నింటినీ బల్ల మీద వరసగా పేర్చాడు. సగం ఇక్కడి సీసాలు, సగం హైదరాబాద్ నుంచి సూట్‌కేసుల్లో దిగిన స్ట్రిప్పులు.

"ఈ తెల్లది దేనికి?"

"బీపీకి."

"ఈ పింక్ కలర్‌ది?"

"అదీ బీపీకే. మా బావమరిది లక్ష్మీకాంతం ఇండియా నుంచి తెచ్చాడు. ఒకటి పనిచేయకపోతే ఇంకోటి ఉంటుంది కదా అని రోజూ రెండూ వేస్తున్నా."

"రెండూ ఒకటే మందు అంకుల్. పేర్లే వేరు."

"రంగు కూడా వేరే కదమ్మా?"

"లోపల సరుకు ఒకటే."

ఒకే మిల్లు బియ్యాన్ని రెండు బ్రాండ్ల సంచుల్లో అమ్మిన తిరుపతయ్యకి ఈ మాట వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు ఊరుకున్నాడు.

"ఈ సిరప్ ఎవరిది?"

"మా మనవరాలు అవనిది. దానికి జలుబు తగ్గాక మిగిలింది. పడేయడం ఎందుకని నేను తాగుతున్నా. అది నలభై పౌండ్లు, నేను నూట అరవై. దానికి ఒక స్పూను, నాకు నాలుగు. లెక్క తప్పిందా?"

"లెక్క కరెక్టే, మనిషే తప్పు. ఆరేళ్ళ కిడ్నీలు, డెబ్బై రెండేళ్ళ కిడ్నీలు ఒకలా పనిచేయవు. ఈ అలర్జీ మాత్ర ఎందుకు? మీకు అలర్జీ ఉందా?"

"లేదు. వేసుకుంటే నిద్ర బాగా పడుతుంది. ఇరవై ఏళ్ళ నుంచి వాడుతున్నా."

"అప్పుడు నిద్రపుచ్చింది. ఇప్పుడు పొద్దున్న లేచాక కూడా తూలేలా చేస్తోంది."

మృదుల ఎర్ర మార్కర్ తీసి గీతలు పెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. తిరుపతయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"సరేనమ్మా, మూడు తీసెయ్. కొత్తది ఒకటి రాయి."

"ఆరు తీసేస్తాను. కొత్తది రాయను."

"పోనీ నాలుగు."

"ఆరు అంకుల్. మిగిలిన అయిదే వేసుకోండి. ఇవి హాల్లో డబ్బాలో పడేయండి, పాత మందులు వేయడానికే అది పెట్టాం."

"ఇంటి దగ్గర పడేస్తాలే" అంటూ ఎర్ర గీత పెట్టిన ఆరింటినీ విడిగా, పదిలంగా సంచి అడుగున సర్దుకున్నాడు.

కొనడానికి వచ్చి, ఉన్న సరుకు పోగొట్టుకుని వెళ్ళడం ఆయనకి ఇదే మొదటిసారి. "ఏం చదువు చదివిందో! మందు రాయడం చేతకాక తీసేస్తోంది" అని దారి పొడుగునా సంహిత దగ్గర సణిగాడు.

చేతకాని పిల్ల చేసిన పనికి కళ్ళు తిరగడం వారంలో ఆగిపోయింది. ఆ తర్వాత పది రోజులకి తాళం చేతికొచ్చింది. నెలకి మళ్ళీ చూపించుకోవడానికి తానే డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. తోడుగా స్నేహితుడు రామమోహనరావునీ ఎక్కించుకొచ్చి బయట కూర్చోబెట్టాడు.

"బీపీ చాలా బాగుంది అంకుల్" అంది మృదుల. "ఆ ఆరూ పడేశారుగా?"

"పడేయడమేంటమ్మా! రామమోహనరావు గారికి ఇచ్చాను. నీ నెక్స్ట్ పేషెంట్ ఆయనే. పాపం, వారం నుంచి ఒకటే కళ్ళు తిరగడం. నిన్న వాళ్ళబ్బాయి కారు తాళం లాగేసుకున్నాడట. అందుకే నేను తీసుకొచ్చా."

మృదుల చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఆ సిరప్ కూడా ఇచ్చారా?"

"ఆయన నూట ఎనభై పౌండ్లు. నాలుగున్నర స్పూన్లు తాగమన్నా."

"అంకుల్! ఊరికే పంచిపెట్టడానికి అవేమన్నా ప్రసాదమా?"

తిరుపతయ్య నొచ్చుకున్నాడు. ముప్పై ఏళ్ళు వ్యాపారం చేసిన మనిషిని అనాల్సిన మాటేనా అది!

"ఊరికేనా? నేనా?" అని సంచి బల్ల మీద బోర్లించాడు. ఈసారి అయిదు కాదు, పదమూడు రకాలు దొర్లాయి. "నావి ఆరిచ్చి ఆయనవి ఎనిమిది తీసుకున్నా. ఇవాళ పొద్దున్నే మొదలుపెట్టా."

మృదుల వెంటనే సంహితకి ఫోన్ చేసింది.

లెక్క తేలింది. లాభం రెండు మందులు, నష్టం రెండు కారు తాళాలు.